బయట 82కే చేసిస్తారట, ఇచ్చేద్దామా?

ప్రశ్న: హైడ్రాలిక్ పంపులు తయారుచేసే కంపెనీలో పదహారేళ్లుగా పనిచేస్తున్నాను. ఇప్పుడు ప్రొడక్షన్ మేనేజర్‌ని. ఆర్డర్లకు లోటు లేదు గానీ లాభం తగ్గుతోంది. ఆరు నెలల కిందట ఒక కన్సల్టెంటును పెట్టి లీన్ (నిల్వలూ వృథా తగ్గించే ఉత్పత్తి పద్ధతి) మొదలుపెట్టారు. పంపు బాడీ కాస్టింగుగా (పోత పోసిన ముడి రూపంలో) గేటు లోపలికి వచ్చి, పంపుగా బయటికి వెళ్లేసరికి 23 రోజులు పడుతోందని, అందులో మెషిన్ మీద ఉండేది 41 నిమిషాలేనని ఆయన తేల్చారు. ఆ పని సగంలో ఉండగానే మా ఎండీగారు ఇంకో మాట ఎత్తారు. ఒక్కో పంపు బాడీకి మాకు 100 అవుతుంటే, బయటి వెండరు ముడిసరుకుతో సహా 82కు ఇస్తానన్నాడట. బాడీ మెషినింగ్ మొత్తం బయటికిచ్చి, ఆ ఆపరేటర్లను అసెంబ్లీలోకి మారుస్తామంటున్నారు. షాఫ్టులు, గేర్లు మాత్రం ఇక్కడే చేస్తాం. ఫైనాన్స్ హెడ్‌గారేమో లీన్ మొదలయ్యాకే లాభం ఇంకా పడిందని, ముందు దాన్ని ఆపమని అంటున్నారు. వచ్చే వారం మీటింగులో నా అభిప్రాయం చెప్పాలి. ఖర్చు వివరాలు జతచేశాను. ఏం చెప్పమంటారు?
— ఒక ప్రొడక్షన్ మేనేజర్

సమాధానం: మీరు పంపిన ఖర్చుల కాగితం చాలా ఉపయోగపడిందండీ. మీటింగుకు దాన్నే పట్టుకెళ్లండి. స్లైడ్లేమీ అక్కర్లేదు.

మీ 100లో ఏముందో చూద్దాం. ముడిసరుకు 38. కట్టింగ్ టూల్స్, కరెంటు, కూలెంటు వగైరా 9. ఆపరేటర్ల జీతం 15. మెషిన్ల తరుగుదల 14. మిగిలిన 24 ఓవర్‌హెడ్, అంటే సూపర్‌వైజర్లు, మెయింటెనెన్స్, స్టోర్సు, షెడ్డు, ప్లానింగ్ ఆఫీసు.

రేపటి నుంచి బాడీ బయటే తయారవుతుందనుకోండి. వీటిలో ఏది నిజంగా ఆగిపోతుంది? 38 ఆగుతుంది. 9 ఆగుతుంది. జీతాలు ఆగవు, ఎందుకంటే మనుషుల్ని అసెంబ్లీకి మారుస్తామని ఎండీగారే అన్నారు. అసెంబ్లీలో వాళ్లకు నిజంగా చాలినంత పని ఉందో లేదో మీకే తెలుసు, మీ ఉత్తరంలో ఆ ఊసు లేదు. తరుగుదల ఆగదు. మెషిన్ కొన్న డబ్బు ఏనాడో ఖర్చయిపోయింది, అది ఆడినా మానినా పుస్తకాల్లో తరుగు పడుతూనే ఉంటుంది. ఓవర్‌హెడ్‌లో, ఉదారంగా వేసుకున్నా, ఓ 4 తగ్గుతుందేమో. మెయింటెనెన్స్ ఫోర్‌మన్ షాఫ్టుల లైనుకోసం ఎలాగూ ఉండాలి, షెడ్డు చిన్నదైపోదు. మొత్తం కలిపితే మీకు మిగిలేది 51.

ఇవ్వాల్సింది 82. దానిమీద రవాణా, వచ్చిన సరుకు ఇన్‌స్పెక్షన్, వెండరు వెంటపడి ఫోన్లు చేసే మనిషి, రిజెక్షన్ల తకరారు. వీటికి 5 వేశాను, ఇది తక్కువే. అంటే 51 మిగుల్చుకోవడానికి 87 పెడుతున్నారు. ఒక్కో బాడీ మీద 18 లాభం అని కొటేషన్ చెబుతోంది, 36 నష్టం అని మీ కాగితం చెబుతోంది.

ఆపరేటర్లను తీసేస్తే? అప్పుడు 66 మిగిలి 87 పోతుంది. మెషిన్లు కూడా అమ్మేస్తే? అమ్మకం డబ్బు ఒక్కసారి వస్తుంది. ఏటా పడే తరుగు ఆగిందని దాన్నీ కలుపుకుందాం, అయినా 80కి 87. పైగా అది ఏరు దాటకముందే తెప్ప తగలేసుకున్నట్టు. ఈ సంగతికి మళ్లీ వస్తాను.

వెండరు మోసం చేస్తున్నాడని నేననడం లేదు. అతనికి 82 గిట్టుబాటే, అందులో అతని లాభం కూడా ఉంది. మనవాళ్లు పోల్చకూడని రెండు అంకెల్ని పోల్చారు, అంతే. 82 అనేది కొత్తగా జేబులోంచి వెళ్లే డబ్బు. 100 అనేది సగానికి సగం ఎప్పుడో వెళ్లిపోయిన డబ్బును, వెళ్లక తప్పని డబ్బును ముక్కకింత అని పంచిన వాటా.

తర్వాత జరిగేది ఇంకా ఆసక్తిగా ఉంటుంది. బాడీ వెళ్లిపోయింది గానీ దాని నెత్తిన ఉన్న 49 ఇక్కడే ఉండిపోయింది. ఖర్చుల లెక్కలు వేసే డిపార్టుమెంటు దాన్ని ఊరికే వదలదు, షాఫ్టుల మీదా గేర్ల మీదా పంచుతుంది. వచ్చే ఏడాది కాగితంలో షాఫ్టు ఖరీదు పెరిగి కనిపిస్తుంది. అప్పుడు మళ్లీ ఎవరో ఒక కొటేషన్ పట్టుకొస్తారు. షాఫ్టు వెళ్తుంది, దాని ఓవర్‌హెడ్ గేర్ల మీద పడుతుంది. చివరికి బోర్డు, గేటు, స్టోర్సు, ఆఫీసు మిగులుతాయి. ప్రతి మెట్టులోనూ లెక్క సరిగ్గానే ఉన్నట్టుంటుంది.

బోయింగ్‌లో హార్ట్-స్మిత్ అనే ఇంజనీరు 2001లో, కంపెనీ సొంత సాంకేతిక సదస్సులోనే, దాదాపు ఇదే మాట చెప్పాడు. పని బయటికి ఇస్తే దానితోపాటు లాభమూ వెళ్తుందని, ఓవర్‌హెడ్ మాత్రం ఇంట్లోనే ఉండిపోతుందని, ఆఖర్న భాగాలు బిగించేవాడికి మిగిలేది తక్కువని ఆయన వాదం. పాత డీసీ-10 విమానం అనుభవాన్నే ఉదాహరణగా చూపించాడు. కంపెనీ ఆ మాట వినలేదు. 787 విమానానికి పెద్ద పెద్ద భాగాల్ని, డిజైన్‌లో చాలా భాగంతో సహా, బయటి సంస్థలకు అప్పగించింది. 2008లో చేతికి రావలసిన మొదటి విమానం 2011 సెప్టెంబరులో గానీ రాలేదు. ఈలోగా 2009లో, విమానం వెనక భాగాలు చేస్తున్న వాట్ కంపెనీ ప్లాంటును బోయింగే కొనుక్కోవలసి వచ్చింది. ఇచ్చినదాన్ని డబ్బు పెట్టి వెనక్కి తెచ్చుకోవడమన్నమాట. విమానానికీ పంపుకూ పోలికేమిటంటారా? లెక్క వేసిన తీరులో పోలిక ఉంది.

ఇక ఫైనాన్స్ హెడ్‌గారి సంగతి. ఆయన మీద కోపం తెచ్చుకోకండి. ఆయన చెప్పింది నిజమే, లీన్ మొదలయ్యాక లాభం పడిపోయింది. ఎందుకు పడిందో మాత్రం ఆయన చెప్పడం లేదు, బహుశా గమనించి ఉండరు.

లీన్ మొదలైనప్పుడు మీ వర్క్‌షాపులో మధ్యలో నిలిచిపోయిన బాడీలు 4,600 అని రాశారు. రోజుకు 200 పంపులు వెళ్తాయి. 4,600ను 200తో భాగిస్తే 23 రోజులు. కన్సల్టెంటు స్టాప్‌వాచీ పెట్టుకుని తేల్చిన అంకె ఇంత సులువుగా వస్తుంది. క్యూలో ఉన్నవాళ్ల సంఖ్య, గంటకు బయటికి పోయేవాళ్ల సంఖ్య తెలిస్తే ఎంతసేపు నిలబడాలో తెలిసిపోతుంది కదా, అదే సూత్రం. దీన్ని 1961లో గణితంతో నిరూపించినవాడు జాన్ లిటిల్. ఇప్పుడు మీరు 4,600ను 1,600కు దించారు, అంటే 8 రోజులు. ఆరు నెలల్లో ఇది చిన్న పని కాదు. చప్పట్లు కొట్టాల్సింది పోయి ఆపమంటున్నారు!

ఎందుకంటే ఆ 3,000 బాడీలు తగ్గాలంటే, మీరు అమ్మినదానికంటే 3,000 తక్కువ తయారుచేసి ఉండాలి. జీతాలు, తరుగుదల, ఓవర్‌హెడ్ మాత్రం ఎప్పటిలాగే నడిచాయి. అంతకుముందు ఏం జరిగేదంటే, అమ్ముడుపోని సరుకులో ఆ ఖర్చు కొంత దాక్కుని, బ్యాలెన్స్ షీట్లో ఆస్తిగా కూర్చునేది. బాడీ ఒక్కింటికి ఆ ఖర్చులు 53. సగం పనయిన సరుకు కాబట్టి సగటున 26 వేసుకుందాం. 3,000 బాడీలకు 78,000. ఇన్నేళ్లూ స్టాకు రూపంలో దాగి ఉన్న ఆ 78,000 ఈ ఆరు నెలల్లో లాభనష్టాల ఖాతాలోకి ఖర్చుగా వచ్చి పడింది. అదీ మీ లాభం పడిపోయిన కథ. అదే సమయంలో 3,000 కాస్టింగులు కొనకుండా గడిచింది, ఒక్కోటి 38 చొప్పున 1,14,000 నగదు మిగిలింది. అది బ్యాంకు ఖాతాలో కనిపిస్తుంది, లాభంలో కనిపించదు. ఫైనాన్స్ హెడ్‌గారిని ఈ ఆరు నెలల ఓవర్‌డ్రాఫ్టు వడ్డీ ఎంత తగ్గిందో ఒక్కసారి చూడమనండి. ఆయనే మీ తరఫున మాట్లాడతారు.

ఈ దెబ్బ ఒక్కసారే. నిల్వ ఇంక దిగని చోట ఆగగానే లాభం మళ్లీ మామూలు లెక్కకు వస్తుంది. లీన్ పెట్టిన చాలా కంపెనీలు సరిగ్గా ఈ గుంతలోనే భయపడి వెనక్కి తిరుగుతాయి. ముందే చెప్పి ఉండాల్సింది కన్సల్టెంటు. ఆయన చెప్పలేదంటే అది ఆయన తప్పే.

కానీ లీన్ వల్ల నిజమైన లాభం ఎక్కడ వస్తుంది? నిల్వ తగ్గినందుకు వడ్డీ మిగలడం చిల్లర. పెద్ద లాభం ఖాళీ అయిన సామర్థ్యంలో ఉంది. మీ బాడీలో రంధ్రం (బోరు) తొలిచే బోరింగ్ మెషిన్‌కు ఒక రకం నుంచి ఇంకో రకానికి సెటప్ మారాలంటే మూడు గంటలు పడుతుందని రాశారు, అందుకే ఒకసారి బిగిస్తే 600 చేసి పారేస్తున్నారని కూడా. ఇలాంటి చోటే కూర్చోవాలి. టయోటాలో 1969 ప్రాంతంలో 1,000 టన్నుల ప్రెస్సుకు డై (రేకుకు ఆకారమిచ్చే అచ్చు) మార్చడానికి నాలుగు గంటలు పట్టేది. జర్మనీలో ఫోక్స్‌వ్యాగన్ వాళ్లకు రెండు గంటలే పడుతోందని తెలిసి, దాన్ని తగ్గించమని షిగెయో షింగోను పిలిచారు. ఆయన, అక్కడివాళ్లు కలిసి గంటన్నరకు తెచ్చారు. కొన్నాళ్లకు యాజమాన్యం మూడు నిమిషాలు చేయమంది. చేశారు. మంత్రమేమీ లేదు. మెషిన్ ఆగాక చేసే పనులేవి, ఆడుతుండగానే చేసి పెట్టుకోగల పనులేవి అని విడదీశారు. తర్వాతి డై ముందే పక్కకు వచ్చి, బోల్టులు చేతికందేలా ఉండి, ఎత్తు ముందే సరిపోయి ఉంటే ఇంక మిగిలేది ఎత్తి పెట్టడమే.

మీ మెషిన్ దగ్గరికి ఒక సెటప్ రోజున వెళ్లి నిలబడండి. ఫోన్లో వీడియో తీయండి. ఆపరేటర్ ఎన్నిసార్లు టూల్ రూముకు నడిచాడో లెక్కపెట్టండి. మూడు గంటల్లో గంటన్నర నడకా, వెతకడమూ, ఇన్‌స్పెక్టరు కోసం ఎదురుచూడటమే అయితే నేనేమీ ఆశ్చర్యపోను. సెటప్ అరగంటకు వస్తే 600 చేయాల్సిన అవసరం లేదు, 200 చేసి మార్చేయొచ్చు. అప్పుడు మెషిన్ గంటలు మిగులుతాయి. ఆ గంటల్లో అదనపు పంపులు చేసి అమ్మితే వాటి బాడీలకు కొత్తగా అయ్యే ఖర్చు ముడిసరుకూ, టూల్సూ, అంటే మీ కాగితంలో 47 మాత్రమే. ఆర్డర్లకు లోటు లేదన్నారు కదా. మీ లాభం అక్కడుంది.

ఇక్కడే మీ ఎండీగారి రెండు ఆలోచనలూ ఒకదాన్నొకటి తన్నుకుంటాయి. ఒక చేత్తో సామర్థ్యాన్ని ఖాళీ చేస్తున్నారు, ఇంకో చేత్తో అందులో వేయాల్సిన పనిని బయటికి పంపుతున్నారు. పైగా వెండరు 200 చొప్పున రోజూ పంపడు. లారీ నిండితేనే కదులుతుంది, 1,500 ఒకేసారి దిగుతాయి. మీ దగ్గర బోరు కాస్త పెద్దదైతే పక్క మెషిన్ దగ్గరే ఇరవై నిమిషాల్లో బయటపడుతుంది. అతని దగ్గర తప్పయితే ఆ 1,500 అయ్యాక, దార్లో ఉన్న ఇంకో 1,500తో కలిసి బయటపడుతుంది. 23 రోజుల్ని 8కి తెచ్చి, దాన్ని మళ్లీ 40 చేసుకోవడం ఎవరికి లాభం?

నా సొంత గొడవ ఒకటి చెబుతాను. నేను పనిచేసిన ఒక కంపెనీలో పలచటి గోడలున్న ఒక హౌసింగును బయటికి ఇచ్చాం. డ్రాయింగ్ ఇచ్చాం, గేజీలు ఇచ్చాం, భాగాన్ని కదలకుండా పట్టి ఉంచే మా ఫిక్చరు కూడా ఇచ్చాం. వచ్చిన లాట్లలో బోరు కోడిగుడ్డులా కోలగా ఉండేది. మెషిన్ మీద ఉండగా కొలిస్తే గుండ్రంగానే ఉంది, క్లాంపులు వదిలాక కోలగా మారుతోంది. రెండు నెలలు కొట్టుకున్నాం. చివరికి అసెంబ్లీకి మార్చిన మా పాత ఆపరేటర్‌ను వెండరు దగ్గరికి తీసుకెళ్తే, చూసీ చూడగానే అడిగాడు: "మూడో క్లాంపు ముందే బిగిస్తున్నారేంటి?" అతను దాన్ని ఎప్పుడూ ఆఖర్న, చేతి వేళ్ల బలంతో మాత్రమే బిగించేవాడట. డ్రాయింగులో లేదు, ప్రాసెస్ షీట్లో లేదు, అతన్ని ఎవరూ అడగలేదు. మూడేళ్ల తర్వాత వెండరు రేటు పెంచాడు. న్యాయమైన పెంపో కాదో చెప్పగలిగే మనిషి అప్పటికి రిటైరైపోయాడు, మెషిన్ అమ్మేశాం. అడిగినంత ఇచ్చాం. తెప్ప తగలేసుకోవడం అన్నది ఇదే.

ఇదంతా చదివి నేను ఔట్‌సోర్సింగ్‌కు శత్రువుననుకోకండి. లీన్‌కు పుట్టిల్లయిన టయోటాయే విడిభాగాల్లో చాలా వాటిని బయటి సంస్థల దగ్గర చేయిస్తుంది. ఎలక్ట్రికల్ భాగాల విభాగాన్ని 1949లోనే నిప్పన్‌డెన్సో పేరుతో వేరుచేసింది. కానీ కార్లలో ఎలక్ట్రానిక్స్ పెరుగుతున్నాయని గ్రహించి 1989లో హిరోసేలో సొంత ఎలక్ట్రానిక్స్ ప్లాంటు పెట్టుకుంది. చేతులు చాలక బయటికి ఇవ్వడం ఒకటి, చేయడం రాక బయటివాడి మీద ఆధారపడటం ఇంకొకటి. మొదటిది ఎప్పుడైనా వెనక్కి తెచ్చుకోవచ్చు.

అక్కడ కూడా దెబ్బలు తగల్లేదని కాదు. 1997 ఫిబ్రవరి 1న ఐసిన్ సంస్థ ప్లాంటు ఒకటి కాలిపోయింది. టయోటా బ్రేకుల్లో వాడే ఒక చిన్న వాల్వు దాదాపు మొత్తం అక్కడే తయారయ్యేది. నిల్వ గంటల లెక్కలో ఉంది. కొద్ది రోజుల్లోనే టయోటా లైన్లు దాదాపు అన్నీ ఆగిపోయాయి. అయితే పదుల సంఖ్యలో ఇతర సరఫరాదారులు డ్రాయింగులు తీసుకుని, తమ దగ్గరున్న మెషిన్ల మీదే ఆ వాల్వులు చేయడం మొదలుపెట్టారు. వారం తిరిగేసరికి లైన్లు కదిలాయి. ఆ పని తెలిసిన చేతులు చుట్టూ ఉన్నాయి కాబట్టి సాధ్యమైంది. 2011 భూకంపం తర్వాత ఎలక్ట్రానిక్ చిప్పుల వంటి వాటిని నెలల తరబడి నిల్వ పెట్టుకోమని టయోటాయే సరఫరాదారులకు చెప్పింది. నిల్వ సున్నా చేయడమే లీన్ అని మీ కన్సల్టెంటు అంటుంటే ఈ సంగతి గుర్తుచేయండి.

మనుషుల విషయం ఒక్కటి, త్వరగా చెప్పేస్తాను. సెటప్ తగ్గించే కిటుకు ఆపరేటర్‌కే తెలుసు. అది చెబితే తన సీటు ఎగిరిపోతుందని తెలిస్తే అతను చెప్పడు, నేనైనా చెప్పను. టయోటాలో 1950లో ఉద్యోగాల కోత, సమ్మె, అధ్యక్షుడు కీచిరో టయోడా రాజీనామా జరిగాకే పర్మనెంటు ఉద్యోగుల భద్రత మీద అక్కడొక అవగాహన కుదిరింది. వాళ్ల పద్ధతి దాని మీద నిలబడింది. బాడీ లైను మూతపడుతుందన్న మాట మీ షాపులో ఇప్పటికే పాకి ఉంటుంది. గత నెల రోజుల్లో సూచనల డబ్బాలో ఎన్ని కాగితాలు పడ్డాయో చూసుకోండి.

మీటింగులో మీరు ఎండీగారిని ఎదిరించనక్కర్లేదు. "సార్, బయటికి ఇద్దాం, కానీ ఏది ఇద్దామో నేను చెబుతాను" అనండి. పంపు పైన వేసే షీట్ మెటల్ గార్డులు, బేస్ ప్లేట్లు, పెయింటింగ్, ప్యాకింగ్ పెట్టెలు: వీటిని చేయడానికి మీకు ప్రత్యేకమైన తెలివి అక్కర్లేదు, ఎవరైనా చేస్తారు, ఒకడు కాకపోతే ఇంకొకడు. వాటిని పంపితే జాగా కూడా ఖాళీ అవుతుంది. అయితే వాటికీ ఏది ఆగుతుంది, ఏది ఆగదు అనే లెక్క వేశాకే. బాడీ, షాఫ్టు, గేరు మధ్యనుండే సందు మైక్రాన్లలో ఉంటుంది, పంపు ఒత్తిడి నిలబెట్టేది అదే. మీ కస్టమరు కొనేది ఆ సందునే. దాన్ని మాత్రం వదలొద్దు.

82 కొటేషన్‌ను చించిపారేయకండి, దాచుకోండి. ఏడాదికో రెండేళ్లకో ఆర్డర్లు మీ మెషిన్లకు మించి పెరిగి, కొత్త మెషిన్ కొనాల్సిన రోజు వస్తుంది. ఆ రోజున ఆ 82ను కొత్త మెషిన్, కొత్త ఆపరేటర్, కొత్త షెడ్డు ఖర్చుతో పోల్చండి. అప్పుడు అది సరైన పోలికే, బహుశా వెండరే నెగ్గుతాడు కూడా. పెరిగినంత మేరకే, మీ లైను ఆడుతుండగానే, అతనికి ఇవ్వండి. ఆలోగా ఆ వెండరు 82కు ఎలా చేస్తున్నాడో ఒకసారి వెళ్లి చూసి రండి. వెళ్లేటప్పుడు మీ బోరింగ్ ఆపరేటర్‌ను కూడా వెంట తీసుకెళ్లండి, అక్కడి సెటప్‌కు ఎంతసేపు పడుతోందో మీకంటే ముందు అతనే పసిగడతాడు.